దుబాసి

సాల్మియాలో మందుల షాపు పైన మూడో అంతస్తు.
చెప్పులు బయట విప్పాలేమోనని నిలబడితే
"పర్లేదు, రా నాయనా" అన్నాడు మావోడు,
ఆ గది వాడిదే అయినట్టు.

బీనా మేడంకి తెలుగు రాదు, హిందీ నాకంటే తక్కువ.
నాకు అరబ్బీ వచ్చు, బేరానికి సరిపడా.
ఇంగ్లీషంటే ఏసీ పెట్టె మీద అచ్చేసినంత వరకే.
కాబట్టి పదమూడేండ్ల పెంచలయ్య
తన కేసుకు తానే దుబాసి.

ఈశ్వరికి ఒకటే భయం.
"పిచ్చి డాక్టరు కాడికని ఎవరితోనన్నా అనేవు,
పంటి డాక్టరని చెప్పు."
పక్క పోర్షనోళ్ళకు అట్లే చెప్పినా.
పన్ను ఎట్లుందని రోజూ అడుగుతారు పాపం,
ఒకామె లవంగాలు కూడా పంపింది.

బడి నుంచి కాగితం వచ్చిన దినం
నేను ఫర్వానియాలో మిద్దె మీద ఉన్నా.
కంప్రెసర్ మూత తీస్తే సెగ మొహానికి కొట్టింది.
ఈశ్వరి పంపిన ఫోటో
డ్రైవర్ షంసుద్దీన్‌తో చదివించుకున్నా.
అబ్బాయి క్లాసులో మాట్లాడేది మానేసినాడు.
మధ్యాన్నం అన్నం డబ్బా బాత్రూములో కూర్చుని తింటాడు.
రెండో లైను షంసుద్దీన్ గట్టిగా చదవలేదు.

ఈ గదిలో ఒక ట్రే. దాంట్లో ఇసక.
నవ్వొచ్చింది నాకు. ఈ దేశంలో దినమంతా
చెవుల్లోంచి, ఫిల్టర్లలోంచి దులిపేది అదే కదా,
ఇక్కడ జల్లించి, దాచిపెట్టి, పిల్లోళ్ళకు ఇస్తారా?

మావోడు బొమ్మలు పెట్టినాడు. ఒక ఇల్లు.
మూడు కుర్చీలు. కాలిరిగిన ఒంటె.
ఇంటికి దూరంగా, ట్రే అంచు మీద, అటు తిరిగి
ఒక మనిషి.

మేడం వేలు చూపించి ఏదో అడిగింది.
వాడు జవాబు చెప్పినాడు.
"ఏమంటాంది?"
"ఆ బొమ్మ ఎవరని. వాచ్‌మన్ అని చెప్పినా."

మై డాడ్ అన్నాడు వాడు.
ఆ రెండు మాటలు నాకు తెలుసురా అబ్బోడా.
ఒకటో తరగతిలో నువ్వు గీసిన బొమ్మ కింద అవే ఉండె,
నా టూల్‌బాక్సు మూత లోపల ఇంకా అతికే ఉంది.

అబద్ధమని అక్కడే పట్టుకోవచ్చు.
మా నాయనైతే చెంప మీద అడిగేవాడు.
ఇసక చూస్తా కూర్చున్నా.
మేడం తొందర పెట్టలేదు.
గోడ మీద ఏసీకి బేరింగు పోతాంది.

"ఆ వాచ్‌మన్ డ్యూటీ ఎన్ని గంటలకు దిగుతాడు?"
"వాడికి ఆఫ్ లేదు."
"శుక్రవారం?"
"శుక్రవారం ఓటీ."
"అటు తిరిగి నిలబడితే
ఇంట్లో ఎవరున్నారో ఎట్ల తెలుస్తాది వాడికి?"
గోరుతో ఇసకలో గీత గీసినాడు, చెరిపినాడు.
"తెలీదు నాయనా. పిలిచినా ఇనపడదు.
మిషన్ల సౌండు."

మేడం అడిగింది, మేమేం మాట్లాడుకున్నామని కాబోలు.
వాడు నా వైపు చూసినాడు, నేను వాడి వైపు.
ఆ ఒక్కటీ ఎవరమూ తర్జుమా చేయలేదు.
ఆమె పుస్తకం మూసి నీళ్ళు తెచ్చేకి పోయింది.

అప్పుడు వాడే ఎత్తుకున్నాడు బాత్రూం సంగతి.
బళ్ళో పెంచలయ్యను పించ్ అంటారంట,
అంటా గిల్లుతారంట.
చొక్కా చెయ్యి పైకి తీసినాడు.
కోనకు మొక్కి పెట్టుకున్న పేరు.
మచ్చలు నేను లెక్కపెట్టలేదు.
లెక్కపెడితే లేచిపోయేవాణ్ణి
బడి గేటు దాకా.

మెట్లు దిగుతా అడిగినా, పేరు మార్పిద్దామా అని.
"ఆలోచిస్తా" అన్నాడు.
వాడి గోళ్ళల్లో ఇంకా ఇసక ఉంది.

మళ్ళీ మంగళవారం రమ్మంది మేడం.
ఫోర్మన్‌ను సెలవు అడగాల.
"పోయినసారి ముందుపన్నని చెప్పినా.
ఈసారి ఏమని చెప్పేదిరా?"

సీటుబెల్టు పెట్టుకుంటా ఆలోచించినాడు.
"దవడపన్నని చెప్పు నాయనా," అన్నాడు,
"దానికైతే శానా సార్లు రావాల."